ఒక మందుల జాబితా కోసం నాలుగేళ్లు

ఆ రాత్రి ఎమర్జెన్సీలో నాది ఛార్జ్ డ్యూటీ. డెబ్బై దాటిన పెద్దాయన్ని కూతురు తీసుకొచ్చింది. లేచి నిలబడితే చాలు కళ్లు తిరుగుతున్నాయట. ఒళ్లంతా చల్లగా ఉంది. మణికట్టు పట్టుకుంటే నాడి దొరకడానికే కాస్త సమయం పట్టింది. మానిటర్ తగిలించాం. గుండె నిమిషానికి 38 సార్లే కొట్టుకుంటోంది. డ్యూటీ డాక్టర్ వెంటనే అడిగిన ప్రశ్న, మేం ప్రతి షిఫ్టులోనూ ప్రతి రోగినీ అడిగేదే: "ఇంట్లో ఏమేం మందులు వాడుతున్నారమ్మా?"

ఆ అమ్మాయి చేతిలో ఉన్న కవరును ట్రాలీ మీద బోర్లించింది. పదకొండు రకాల మాత్రల స్ట్రిప్పులు, మూడు చీటీలు. ఒక చీటీ గుండె డాక్టరుది, ఒకటి కిడ్నీ క్లినిక్‌ది, మూడోది మూడు వారాల కిందట మా ఆసుపత్రిలోనే ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ. నేనూ డాక్టరూ ఒక్కో స్ట్రిప్పునూ తిరగేసి, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదువుతూ వరసగా పేర్చుకుంటూ పోయాం. ఆరోదీ తొమ్మిదోదీ పక్కపక్కన పడ్డాక గానీ కనబడలేదు. ముందువైపు చూస్తే వేరే పేర్లు, వేరే రంగులు. వెనకవైపు రెండింటి మీదా మెటోప్రొలాల్ అనే ఉంది, గుండె వేగం తగ్గించే మందు. గుండె డాక్టరు ఎప్పట్నుంచో ఒక కంపెనీది రాస్తున్నారు. మా వార్డులో ఉన్నప్పుడు ఇంకో కంపెనీది మొదలుపెట్టి, ఇంటికి పంపేటప్పుడు దాన్నే రాసిచ్చారు. పాతది ఆపమని ఏ కాగితంలోనూ లేదు. ఆ అమ్మాయి శ్రద్ధగా రెండు చీటీల్లో ఉన్నవీ వేళ తప్పకుండా వేసింది.

"నావల్లే ఇలా అయ్యిందా సిస్టర్?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. పెద్దాయన కోలుకుని రెండు రోజుల తర్వాత ఇంటికి వెళ్లారు గానీ, ఆమె అడిగిన తీరు నేనింకా మర్చిపోలేదు.

మూడు చీటీల్లో ఏదీ తప్పుగా రాసింది కాదు. ఎవరికి వాళ్లు తమకు తెలిసినంతలో సరిగ్గానే రాశారు, ఒకరు రాసింది మరొకరి కంట పడలేదు. మూడోది మా సొంత ఆసుపత్రిదే కాబట్టి, పొద్దున డ్యూటీ దిగాక రికార్డ్ రూముకి వెళ్లి ఆయన పాత కేస్ షీట్ తీయించాను. అడ్మిషన్ పేజీలో "రెగ్యులర్ మందులు వాడుతున్నారు" అని ఉంది. ఏ మందులో లేదు. రాద్దామన్నా ఆ ఫారంలో దానికి ఇచ్చిన చోటు ఒక్క గీత.

తర్వాత కొన్ని నెలలకే రికార్డులన్నీ కంప్యూటర్లోకి మార్చే ప్రాజెక్టు మొదలైంది. వార్డుల తరఫున ఒక నర్సు కావాలన్నారు. నా పేరు నేనే ఇచ్చాను. సిస్టమ్ వచ్చాక ఆ రాత్రి డాక్టర్ అడిగిన ప్రశ్నకు జవాబు తెర మీద కనబడాలి, నేను కోరుకున్నది అంతే. అది అంత చిన్న కోరికేమీ కాదని తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

మొదటి మీటింగులో మా చేతికి ఒక లావుపాటి ప్రణాళిక ఇచ్చారు. సర్వర్లు ఎక్కడ ఉండాలి, ఏ మాడ్యూల్ ఎప్పుడు రావాలి, ఎంతమందికి లాగిన్లు, ఎన్ని రోజుల శిక్షణ, అన్నీ వివరంగా ఉన్నాయి. నేను చివరిదాకా చదివాను. రోగి వార్డు మారినప్పుడు, ఇక్కడి నుంచి ఇంటికి వెళ్లినప్పుడు, ఇంటి నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అతని సమాచారం ఎలా వెంట వెళ్తుందో అందులో ఒక్క పేజీ లేదు. అడిగితే ప్రాజెక్టు మేనేజర్ మర్యాదగానే, "అది రెండో దశలో చూద్దాం" అన్నారు. ఆ మాటతో నేను అప్పుడూ ఏకీభవించలేదు, ఇప్పుడూ ఏకీభవించను. మొదటి దశలో ఫారాలు ఎలా కట్టారు, మందుల పేర్లు ఏ పట్టిక నుంచి తీసుకున్నారు, రోగికి నంబరు ఎలా ఇచ్చారు అన్నవి గట్టిపడిపోయాక, రెండో దశలో వాటిని కదిలించడం గోడ లేచాక పునాది మార్చడంలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హాని తగ్గించాలని ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మూడు విషయాలకు ముందు చోటు ఇచ్చింది: ప్రమాదం ఎక్కువున్న సందర్భాలు, ఒకేసారి చాలా మందులు వాడటం, వైద్యం ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారడం. మా పెద్దాయన ఈ మూడింట్లోనూ ఉన్నారు. తర్వాతి మీటింగులో పేర్లు తీసేసిన ఆయన మూడు చీటీలనూ టేబుల్ మీద పెట్టాను. ఆ పేజీ ప్రణాళికలోకి ఆ రోజే ఎక్కింది.

ఇక్కడ రెండు మాటల తేడా చెప్పాలి, మా వాళ్లే వాటిని కలిపేసి వాడేవాళ్లు. ఒక ఆసుపత్రి తన గోడల మధ్య పెట్టుకునే కంప్యూటర్ కేస్ షీట్‌ను ఈఎంఆర్ అంటారు. రోగి ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్లగలిగేది, వేరే చోట్ల రాసింది కూడా కలుపుకునేది ఈహెచ్ఆర్. మేం కొన్నది మొదటిది. మేం ఆశపడుతున్నది రెండోది.

పని రిజిస్ట్రేషన్ కౌంటరు నుంచి మొదలైంది. నేను మందుల గురించి వచ్చినదాన్ని, నన్ను పేర్ల దగ్గర కూర్చోబెట్టారేంటి అనుకున్నాను. వారం తిరిగేసరికి ఆ అసహనం పోయింది. ఒకే మనిషికి మూడు నంబర్లున్నాయి: ఒకసారి పూర్తి పేరుతో, ఒకసారి ముద్దు పేరుతో, ఒకసారి అక్షరం తప్పుతో. పుట్టిన తేదీ తెలియని వాళ్లందరికీ జనవరి 1 అని వేసేశారు. దాంతో ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉండి నిజానికి వేరే వేరే మనుషులైన వాళ్లూ తేలారు. ఒక మనిషి రికార్డు మూడు ముక్కలుగా ఉంటే డాక్టరుకి సగమే కనబడుతుంది. ఇద్దరి రికార్డులు ఒకటిగా కలిసిపోతే అంతకన్నా ఘోరం. ఒకరి బ్లడ్ గ్రూపు, ఒకరి పెన్సిలిన్ అలర్జీ ఇంకొకరి పేరు మీద కూర్చుంటాయి, విడదీయడం దాదాపు అసాధ్యం.

రెండు రికార్డులు ఒకే మనిషివా కాదా అని లెక్కకట్టే పద్ధతికి గణాంక శాస్త్రవేత్తలు ఫెల్లెగి, సంటర్ 1969లోనే పునాది వేశారు. పేరు కలిస్తే ఇంత బరువు, పుట్టిన తేదీ కలిస్తే ఇంత, అరుదైన పేరు కలిస్తే ఇంకా ఎక్కువ. మా సాఫ్ట్‌వేర్ కూడా అలాగే మార్కులు వేసేది. ఎక్కువ మార్కులొచ్చినవి కలిపేది, తక్కువ వచ్చినవి వదిలేది, మధ్యలో పడ్డవి మా ముందుకు తోసేది. ఆ మధ్యలోవి నేనూ కౌంటర్ అమ్మాయీ కలిసి ఒక్కొక్కటిగా చూశాం. అక్కడే ఒకటి గమనించాను. కౌంటర్లో "మీరు ఫలానా వారేనా?" అని అడుగుతున్నారు. జ్వరంతో ఉన్నవాళ్లు, వినికిడి సరిగ్గా లేనివాళ్లు, భయంలో ఉన్నవాళ్లు దేనికైనా ఊ అంటారు. "మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అని వాళ్ల నోటితోనే చెప్పించాలని నియమం పెట్టాం. ఒక్క పైసా ఖర్చు లేని ఆ మార్పు మా ప్రాజెక్టు మొత్తంలో నేను ఎక్కువ విలువ ఇచ్చే వాటిలో ఒకటి.

తర్వాత ల్యాబ్. ల్యాబ్ మెషీన్లకు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు మధ్య మాట్లాడుకునే భాష ఒకటుంది, హెచ్ఎల్7. అదే పేరున్న సంస్థ 1987లో మొదలై దాన్ని తయారుచేసింది, ఆ భాష పాత వెర్షన్ సందేశాలే ఇప్పటికీ చాలా ఆసుపత్రుల్లో నడుస్తున్నాయి. నిలువు గీతలతో గళ్లుగా విడదీసిన వరసలు అవి. రోగి వివరాలకు పీఐడీ అనే వరస, ఒక్కో ఫలితానికి ఒక్కో ఓబీఎక్స్ వరస. ఓబీఎక్స్‌లో ఐదో గడిలో విలువ, ఆరో గడిలో కొలమానం. నర్సుగా ఇవన్నీ నాకెందుకు తెలియాలి అంటే, ఒక మధ్యాహ్నం జరిగింది చెప్పాలి.

అసలు సిస్టమ్ వాడకంలోకి రాకముందు సరిచూసుకోవడానికి నడుపుతున్న టెస్ట్ సిస్టమ్‌లో ఒక రోగి క్రియాటినిన్ గ్రాఫ్ తెరిచాను, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అది. 1.1, 1.2, 1.2 అంటూ నేలకు ఆనుకుని నడిచిన గీత ఒక్కసారిగా 106కి ఎగిరింది. నిజంగా అలాంటి విలువ వస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. ల్యాబ్‌కూ మా సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఇంటర్‌ఫేస్ చూసే ఇంజనీరును పిలిచి, అసలు సందేశం తెరిపించాం. బయటి ల్యాబ్ ఒకటి క్రియాటినిన్‌ను లీటరుకి మైక్రోమోల్స్‌లో పంపుతోంది. మాది డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో. 1.2ని 88.4తో గుణిస్తే 106. రెండూ ఒకటే కిడ్నీ, ఒకటే పనితీరు. వాళ్లు ఆరో గడిలో కొలమానం సరిగ్గానే రాసి పంపారు. మా వైపు ఐదో గడి ఒక్కటే చదివి గ్రాఫ్‌లో పెట్టేస్తున్నారు. 106 కాబట్టి కంటికి కొట్టింది. అదే చిన్న తేడా అయితే ఎవరూ పట్టించుకోకుండానే మందు డోసు మారిపోయేది. ఆ రోజు నుంచి, విలువ పక్కన కొలమానం లేకుండా ఏ సంఖ్యా తెర మీదికి రాకూడదని పట్టుబట్టాను.

పరీక్షల పేర్ల పని ఇంకా పెద్దది. మేం నోటితో "పొటాషియం" అంటాం. రక్తంలోని పొటాషియమా, సీరమ్‌లోదా (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), మూత్రంలోదా? ప్రతిదానికీ వేరే కోడ్ ఉండాలి. ప్రపంచమంతా వాడుతున్న ల్యాబ్ కోడ్‌ల పట్టిక లోయింక్. అమెరికాలోని రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ 1994లో దీని పని మొదలుపెట్టింది. అందులో సీరమ్ లేదా ప్లాస్మా పొటాషియం 2823-3. మూత్రానిది వేరు. ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు. మా పట్టికలోని ప్రతి పరీక్షనూ ఆయన పక్కన కూర్చుని కోడ్‌కి జతచేశాం. "ఈ రెండూ ఒకటే కదా" అని నేననుకున్న ప్రతిసారీ ఆయన శాంపిల్ ట్యూబు రంగు చెప్పి తేడా చూపించేవారు. ఈ పని ఇంజనీర్లకు ఒక్కరికే అప్పగించి ఉంటే, పేర్లు కలిసిన చోటల్లా కలిపేసేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు, ఆ తేడా ట్యూబులు పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

గో-లైవ్, అంటే కొత్త సిస్టమ్ నిజంగా వాడకంలోకి రావడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మొదటి వారం అందరూ నెమ్మదించారు, ఓపీలో వరసలు పెరిగాయి, మేం పసుపు జాకెట్లు వేసుకుని వార్డు వార్డుకీ తిరిగి చెప్పాం, మూడో వారానికి కుదురుకుంది. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది.

ఒక రోజు రౌండ్స్‌లో ఒక పీజీ డాక్టర్ వెనక నిలబడి చూస్తున్నాను. మందు ఆర్డర్ పెట్టారు. పాప్-అప్ వచ్చింది. ఎంటర్. ఇంకోటి వచ్చింది. ఎంటర్. ఆయన కళ్లు అప్పటికే తర్వాతి రోగి కాగితం మీద ఉన్నాయి, వేలు మాత్రం దానంతటదే నొక్కుతోంది. ఆ రెండో పాప్-అప్ నేను చదివాను: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్న రోగికి కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తున్నారు, రక్తస్రావం ప్రమాదం ఉంది అని. ఆపించాను. ఆయన నిర్ఘాంతపోయారు. నిర్లక్ష్యంగా ఉండే మనిషి కాదు, మా దగ్గర మంచి డాక్టర్లలో ఒకరు. పొద్దుట్నుంచీ ఆయనకు వచ్చిన పాప్-అప్‌లు తీయించి చూస్తే తెలిసింది: చాలా భాగం, డోసు మార్చి మళ్లీ రాసినప్పుడల్లా "డూప్లికేట్ మందు" అని, గంట కింద ఆపేసిన మందుతో కొత్త మందు పడదని వచ్చినవే. పనికిరాని హెచ్చరికల్లో పనికొచ్చేది మునిగిపోయింది.

ఇంకా నన్ను కలచివేసింది ఏమిటంటే, ఆ డూప్లికేట్ హెచ్చరిక వార్డు ఆర్డర్లను వార్డు ఆర్డర్లతోనే పోల్చేది. ఇంటి మందుల జాబితాను చూడనే చూడదు. అంటే, ఆ పెద్దాయన మళ్లీ వచ్చినా, ఈ సిస్టమ్ అంతా ఉండి కూడా, ఆ రెండు మెటోప్రొలాల్‌లూ దానికి కనబడవు. 2005లో రాస్ కాపెల్, ఆయన సహచరులు కంప్యూటర్లో మందులు రాసే పద్ధతే 22 రకాల పొరపాట్లకు దారి ఇవ్వగలదని చూపించిన అధ్యయనం ఒకటుంది. రోగి మందులన్నీ ఒకచోట కనబడకుండా తెరలు ముక్కలుగా ఉండటం అందులో ఒకటి. ఆ మాట చదివినప్పుడు మా తెరలే గుర్తొచ్చాయి.

ఫార్మసిస్టులూ, డాక్టర్లూ, మేమూ కూర్చుని హెచ్చరికలను జల్లెడ పట్టాం. పని ఆపి చదివించాల్సినంత ప్రమాదం ఉన్నవే ఆపేలా ఉంచాం, మిగతావి పక్కన చిన్న గుర్తుగా మార్చాం, కొన్ని పూర్తిగా తీసేశాం. తీసేయడానికి భయపడ్డారు, అది సహజం. ఏదైనా జరిగితే హెచ్చరిక తీసింది మీరే కదా అంటారన్న భయం. అందుకని ప్రతి దానికీ కారణం రాసి, కమిటీ సంతకంతో తీశాం. డూప్లికేట్ హెచ్చరిక ఇంటి మందులను కూడా చూసేలా మార్పించాం.

అక్కడికి వచ్చాక బయటపడింది, ఇంటి మందుల జాబితా అనేదే ఎంత దయనీయంగా ఉందో. ఒకావిడ జాబితా తెరిస్తే 19 మందులున్నాయి. అందులో రెండేళ్ల కింద ఐదు రోజులకు రాసిన యాంటీబయాటిక్ కూడా "వాడుతున్నారు" అనే ఉంది. ఎందుకు తీయలేదని ఒక్కో డాక్టరునూ అడిగాను. అందరిదీ ఒకే జవాబు: "అది నేను రాసింది కాదు, వేరేవాళ్లు రాసింది నేనెలా తీస్తాను?" న్యాయమైన మాటే. ప్రతి మందుకూ రాసినవాళ్లు ఉన్నారు. మొత్తం జాబితాకు మాత్రం బాధ్యులు లేరు. కాగితం రోజుల్లోనూ లేరు. ఇంత ఖర్చుపెట్టి కంప్యూటర్లు తెచ్చినా ఆ ఖాళీ అలాగే ఉంది, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్ నింపగలిగే ఖాళీ కాదు.

దీని గురించి మేం చేసిన వాదనలు ఎన్నో. చివరికి ఇలా కుదిరింది. అడ్మిషన్ అయిన 24 గంటల్లో ఫార్మసిస్టు జాబితా తయారుచేస్తారు, కనీసం రెండు ఆధారాలతో: రోగి లేదా ఇంటివాళ్ల మాట ఒకటి, స్ట్రిప్పులో, చీటీలో, మందుల షాపు బిల్లో ఇంకొకటి. ఒక్కో మందుకూ కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా అన్నది వార్డు డాక్టర్ తేలుస్తారు. ఆపితే కారణం రాయకుండా తెర ముందుకు కదలదు. డిశ్చార్జ్ సమ్మరీలో మందులు మూడు భాగాలుగా వస్తాయి: కొత్తవి, మారినవి, ఆపేసినవి. ఆ మూడో భాగం కోసం నేను పట్టుబట్టినంతగా దేనికోసమూ పట్టుబట్టలేదు. మొదలుపెట్టిన మందు ఎప్పుడూ కాగితం మీద ఉంటుంది. ఆపేసిన మందు కాగితం మీద లేకుండా పోతుంది. ఇంట్లో స్ట్రిప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఫార్మసిస్టులు మొదట ఒప్పుకోలేదు, వాళ్లు తక్కువమంది, పని ఎక్కువ. నిజం. అన్ని వార్డులకూ ఒకేసారి వద్దు, ఐదు కన్నా ఎక్కువ మందులు వాడేవాళ్లతో మొదలుపెడదాం అన్నాక కదిలింది.

ఈ పనిలోనే, ఆరోగ్య సమాచారాన్ని ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పంపడానికి వాడే ఫైర్ అనే కొత్త ప్రమాణం గురించి తెలిసింది. హెచ్ఎల్7 సంస్థదే. గ్రాహం గ్రీవ్ అనే ఆస్ట్రేలియా ఆయన 2011లో దీన్ని ప్రతిపాదించారు. ఇంజనీరు దాని పట్టిక చూపిస్తుంటే ఒక చోట ఆగమన్నాను. మందు గురించి అందులో ఒకటి కాదు, నాలుగు రకాల రికార్డులున్నాయి: డాక్టర్ రాసింది, ఫార్మసీ ఇచ్చింది, నర్సు వేసింది, రోగి వాడుతున్నానని చెప్పింది. మా వార్డు జీవితమంతా ఆ నాలుగింటి మధ్య తేడాలోనే ఉంది! రాసిన మందు కొనకపోవచ్చు, కొన్నది వేసుకోకపోవచ్చు, ఎవరూ రాయనిది పక్కింటివాళ్లు ఇచ్చారని వేసుకోవచ్చు. మా పాత తెర ఈ నాలుగింటినీ "మందులు" అనే ఒక్క మాట కింద కుక్కేసింది. కొత్త తెరలో ప్రతి మందు పక్కనా అది ఎవరి మాటో కనబడేలా చేశాం: రాసినది, ఇచ్చినది, వేసినది, రోగి చెప్పినది.

ఆసుపత్రి గోడ దాటించడం ఇంకో కథ. మేం బయటి కుటుంబ వైద్యులకు డిశ్చార్జ్ సమ్మరీ పంపడం మొదలుపెట్టి, పని అయిపోయిందనుకున్నాం. నాలుగు నెలలకు ఒక డాక్టరమ్మ ఫోన్ చేశారు. "మీరు 14 పేజీలు పంపిస్తున్నారు. అందులో రోజువారీ బీపీ చార్టులున్నాయి, కాపీ పేస్ట్ చేసిన నోట్లున్నాయి. నా ఎదురుగా రోగి కూర్చుని ఉన్నాడు. ఏం మారింది, నేనేం చూడాలి? ఆ రెండు ముక్కలు ఎక్కడున్నాయి?" మేం పంపుతున్నది పీడీఎఫ్, అంటే బొమ్మలాంటిది. మనిషి చదవాలి తప్ప ఆమె కంప్యూటర్ అందులోంచి మందుల పేర్లు తీసుకోలేదు. ఆమె మళ్లీ చేత్తో టైపు చేసుకుంటున్నారు. ఎక్కడ టైపు ఉందో అక్కడ తప్పుకు చోటుంది.

ఇంటర్నేషనల్ పేషెంట్ సమ్మరీ అని ఒక అంతర్జాతీయ నమూనా ఉంది. తెలియని డాక్టరు ముందు కూర్చున్న రోగి గురించి తప్పనిసరిగా తెలియాల్సినవి అందులో మూడే: ఉన్న జబ్బులు, మందులు, అలర్జీలు. మిగతావన్నీ ఉంటే మంచిది. మేం దాన్ని పట్టుకుని మొదటి అర పేజీ కట్టాం, కంప్యూటరూ చదవగలిగేలా. మిగతా పేజీలు వెనక ఉంటాయి, కావాలంటే చూసుకుంటారు. లారెన్స్ వీడ్ అనే వైద్యుడు 1968లోనే, రికార్డును రోగి సమస్యల వారీగా రాయాలని చెప్పారు, ఎవరు ఎప్పుడు రాశారన్న వరసలో కాకుండా. అంతకాలం కిందట చెప్పిన మాట దగ్గరికి మేం ఇన్ని తిప్పలు పడి చేరుకున్నాం.

ఒక విషయంలో నాకు ఇప్పటికీ పూర్తి నిశ్చింత లేదు. మోకాలి ఆపరేషన్‌కి వచ్చిన ఒక ఆమె, తను మానసిక వైద్యానికి వాడుతున్న లిథియం ఎవరికీ కనబడకూడదంది. ఆమె కారణాలు ఆమెకున్నాయి. ఒకసారి ఎక్కడో ఆ మందు పేరు చూశాక తన నొప్పిని ఎవరూ నమ్మలేదట. కానీ లిథియం వాడేవాళ్లకు ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర ఇస్తే రక్తంలో లిథియం పెరిగిపోతుంది, ఆపరేషన్ వార్డులో అదే ముందుగా ఇచ్చేది. దాస్తే ప్రాణానికి ప్రమాదం, చూపిస్తే ఆమె పరువుకు. ఆమె పక్కన గంటసేపు కూర్చున్నాను. మందు పేరు కనబడాలి, మానసిక వైద్యుడి నోట్లు మూసి ఉండాలి, ఎవరైనా అత్యవసరంగా తెరిస్తే వాళ్ల పేరు, కారణం నమోదై ఆమెకు తెలియాలి, దీనికి ఒప్పుకుంది. సిస్టమ్‌లో ఆ తాళం ముందే ఉంది. ఆమెతో మాట్లాడటానికి తీరికున్న మనిషి ఉండటమే అవసరమైంది. ఆ గంట దొరకని రోగులు ఎంతమంది ఉంటారో అని ఆలోచన వస్తుంది.

నెట్‌వర్క్ ఒకసారి ఆరు గంటలు పడిపోయింది. 2017 మేలో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడికి బ్రిటన్ ఆసుపత్రులు ఎలా స్తంభించాయో చదివి ఉన్నాం కాబట్టి, ప్రతి వార్డులో ఒక కంప్యూటర్ గంటగంటకూ మందుల చార్టులను తనలో దాచుకుని, నెట్ లేకపోయినా ప్రింట్ ఇచ్చేలా ముందే పెట్టాం. కొత్తగా చేరిన నర్సులు కాగితం చార్టు మీద మందు వేసిన సమయం రాయడం ఆ రోజే మొదటిసారి చూశారు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు కావాలనే ఆపి సాధన చేయిస్తాం.

పోయిన నెల ఓపీలో ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో మా అర పేజీ ప్రింటు, నాలుగు మడతలు పడి ఉంది. మందుల జాబితాలో రెండింటిని నీలం పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన వంకర అక్షరాలతో ఒకదానికి "వేసుకుంటే దద్దుర్లు", రెండోదానికి "కిడ్నీ డాక్టర్ ఆపమన్నారు, 12వ తేదీ" అని రాసుకుంది. కింద, జాబితాలో లేని ఒక నొప్పి మాత్ర పేరు తనే చేర్చింది. మా సిస్టమ్‌కి ఈ మూడూ తెలియవు. కిడ్నీ క్లినిక్ ఇంకా మా వలయంలోకి రాలేదు.

ఆ కాగితం స్కాన్ చేసి వదిలేయలేదు. ఫార్మసిస్టును పిలిచాను, ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. మొదటిదాన్ని అలర్జీలో చేర్చాం, రెండోదాన్ని ఆపేసిన వాటిలోకి మార్చి కారణం రాశాం, మూడోదాని పక్కన "రోగి చెప్పినది" అని పెట్టాం. నొప్పి మాత్ర, ఆవిడ కిడ్నీలు, రెండూ ఒకే తెర మీద కనబడగానే ఫార్మసిస్టు ఫోన్ తీసి డాక్టరుకి చేశారు. ఆవిడ తన కాగితం తనకు తిరిగి ఇమ్మంది. కొత్త ప్రింటు ఇచ్చాను, పాతదీ ఇచ్చాను.